దర్శకుడు అంతకుముందు ఏం చేసేవాడు?



సినిమాల గురించి మన ఇళ్లల్లో సాగే మాటల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అవార్డు సినిమా తీసేవాడికి శైలి ఉంటుందని, కమర్షియల్ సినిమా తీసేవాడికి ఫార్ములా మాత్రమే ఉంటుందని. ఆరు పాటలు, నాలుగు ఫైట్లు, ఇంటర్వెల్ ముందు ఒక మలుపు, చివర శుభం కార్డు. వీటిని ఎవరు పేర్చినా ఒకటే అన్నట్టు మాట్లాడుకుంటాం. ఈ అభిప్రాయంతో నేను ఏనాడూ ఏకీభవించలేకపోయాను. కొలతలు అందరికీ ఒకటే కాబట్టి ఎవరి చేయి ఎలాంటిదో అక్కడే బాగా తెలుస్తుందని నా నమ్మకం. ఒకే కీర్తనను ఇద్దరు పాడినప్పుడు కదా ఎవరి బాణీ ఏదో పట్టుకోగలం!

మరి ఆ బాణీ ఎక్కడి నుంచి వస్తుంది? నాకు కనిపించిన సమాధానం చాలా మామూలుది. ఆ మనిషి దర్శకుడు కాకముందు ఏ పని చేసి అన్నం తిన్నాడో చూడండి. చేతికి మొదట పట్టుబడ్డ పని అంత తేలిగ్గా వదలదు. పెద్ద దర్శకుడయ్యాక, కోట్ల రూపాయల సినిమా చేతికొచ్చాక కూడా, ఏదో ఒక సన్నివేశంలో ఆ పాత పని పైకి వస్తుంది. ఈ మాటను మన తెలుగు దర్శకుల జీవితాలతోనే మీ ముందు పెడతాను.

కె.వి.రెడ్డి గారితో మొదలుపెడతాను. తాడిపత్రిలో పుట్టిన కదిరి వెంకటరెడ్డి గారు సినిమాల్లోకి వచ్చింది దర్శకుడు కావడానికి కాదు. మొదట రోహిణి అనే సినిమా సంస్థ దగ్గర డబ్బు లెక్కలు చూశారు. తర్వాత వాహినీ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు. అంటే ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ రోజు ఏ సెట్టు సిద్ధంగా ఉండాలి, ఎన్ని అడుగుల ఫిల్ము ఖర్చయింది, ఇవీ ఆయన రోజూ చూసుకున్న పనులు. ఆ లెక్కల మనిషి ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. ఆ తర్వాత ‘యోగి వేమన’, ‘గుణసుందరి కథ’, ‘పాతాళ భైరవి’, ‘పెద్దమనుషులు’, ‘దొంగరాముడు’. 1957లో ‘మాయాబజార్’.

ఆయన పని చేసే తీరు గురించి సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్క్రిప్టు మొత్తం పూర్తి కావాలి, ప్రతి మాటా కాగితం మీదకు రావాలి, అప్పుడే షూటింగు. చేతిలో స్టాప్‌వాచ్. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు, ఏ షాటు ఎన్ని సెకన్లు అనేది ముందే నిర్ణయం. తీసిన తర్వాత కత్తిరించి పారేసేది అతి తక్కువ. దీన్ని పిసినారితనం అనుకుంటే పొరపాటు. ఖర్చుపెట్టే ప్రతి అడుగు ఫిల్ము కథకు ఏం సంపాదించి పెడుతుందో చూడటం అది.

‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పేటిక గుర్తుంది కదా! మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతీదేవికి నగలు. శ్రీకృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు! ఒక్క పెట్టె, రెండు మూడు నిమిషాలు. నలుగురి మనసులూ మనకు తెలిసిపోయాయి. రాబోయే గొడవ ఎవరి వల్లో తెలిసిపోయింది. మహాభారతమంత కథకు పీఠిక అక్కడే అయిపోయింది. ఇక ఆ సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారీ తెర మీదకు రారు. వాళ్లు రాలేదన్న సంగతి చాలామంది ప్రేక్షకులకు తట్టనే తట్టదు. పింగళి నాగేంద్రరావు గారి రచన, మార్కస్ బార్ట్లే గారి ఛాయాగ్రహణం ఎంత గొప్పవో మనకు తెలుసు. కానీ దేన్ని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అని తేల్చిన బుర్ర మాత్రం ఆ పాత కాషియరుదే. మన సినిమాల్లో పొదుపును ఇంత సౌందర్యంగా మార్చినవారు ఇంకొకరు లేరని నేను గట్టిగా నమ్ముతాను.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవారు సింగీతం శ్రీనివాసరావు గారు. గురువు దగ్గర మాట మాటకూ కొలత వేయడం చూసిన శిష్యుడు, 1987లో అసలు మాటలే లేని ‘పుష్పక విమానం’ తీశారు. నిరుద్యోగి కుర్రవాడు, స్టారు హోటలు, ఒక మంచు కత్తి, బోలెడంత నవ్వు. షాటుకు షాటు సరిగ్గా అతక్కపోతే మాటల్లేని సినిమా రెండు నిమిషాలు కూడా నిలబడదు. స్టాప్‌వాచ్ పట్టిన గురువు దగ్గర చదువుకోకపోతే అది సాధ్యమయ్యేదా అని నాకు అనిపిస్తుంది.

విఠలాచార్య గారి దారి పూర్తిగా వేరు. ఉడుపి ప్రాంతం మనిషి. హోటలు నడిపారు. తర్వాత కన్నడ పల్లెల్లో టూరింగు టాకీసులు నడిపారు. డేరా కింద నేల మీద కూర్చున్న జనం ఏ రీలు దగ్గర చప్పట్లు కొడతారో, ఏ రీలు దగ్గర బీడీ కాల్చుకోవడానికి బయటికి పోతారో ఆయన కళ్లారా చూశారు. తెలుగులో ఆయన తీసిన జానపదాలు చూస్తే ఆ డేరా కనిపిస్తుంది. ‘బందిపోటు’, ‘గండికోట రహస్యం’, ‘జగన్మోహిని’ వంటి సినిమాల్లో కథ ఎక్కడా ఆగదు. ప్రేక్షకుడు లేవబోతున్నాడనిపించే చోట ఒక కత్తియుద్ధమో, ఒక అస్థిపంజరమో, కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యమో ప్రత్యక్షమవుతుంది. పండితులు ఆయన్ని చిన్నచూపు చూశారు. నా మటుకు నాకు, చదువురాని ప్రేక్షకుణ్ణి అంత శ్రద్ధగా గౌరవించిన దర్శకులు మనకు కొద్దిమందే. టిక్కెట్టు కొన్నవాడికి విసుగు కలగకూడదన్నది ఆయన నియమం. ఆ నియమాన్ని హోటలు నడిపినప్పుడూ, టాకీసు నడిపినప్పుడూ నేర్చుకున్నారు.

ఇంకో చివర కమలాకర కామేశ్వరరావు గారు. ఆయన బందరు మనిషి. కృష్ణాపత్రికలో సినిమా ఫాన్ పేరుతో సమీక్షలు రాసేవారు. ఇతరుల సినిమాలను నిలదీసిన కలం ఆయనది. ‘నర్తనశాల’, ‘మహాకవి కాళిదాసు’, ‘పాండవ వనవాసం’ చూస్తే ఆ విమర్శకుడి క్రమశిక్షణ తెలుస్తుంది. పాత్ర ఔచిత్యం ఎక్కడా చెడదు. కీచకుడు కూడా కీచకుడికి తగిన దర్జాతోనే ఉంటాడు. ఆ పాత్రకే ఎస్.వి.రంగారావు గారికి జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. పౌరాణికాలకు పేరుపడ్డ ఈ పెద్దమనిషే ‘గుండమ్మ కథ’ కూడా తీశారంటే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. దాన్ని నిర్మించిన విజయా సంస్థలో నిర్మాత చక్రపాణి గారి చేయి బలమైనది, ఆ సినిమా నడకలో ఆయన పాలు ఎక్కువ. ఈ విషయం దాచకుండా చెప్పాలి. పాత పని ఒక్కటే అన్నిటికీ కారణమని నేను వాదించడం లేదు.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన సంగతికి వస్తాను. రేడియో వినేవారికి ఇది ప్రత్యేకంగా రుచిస్తుంది.

కె.విశ్వనాథ్ గారు మొదట సౌండు డిపార్టుమెంటు మనిషి. మద్రాసులో వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం విభాగంలో చేరారు. సెట్టులో అందరూ నటుల ముఖాలు చూస్తుంటే, ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాళ్ల గొంతులు వింటూ కూర్చున్నారు. సావిత్రి మాట ఎక్కడ వణికింది, రంగారావు ఏ అక్షరం మీద బరువు వేశారు, రెండు మాటల మధ్య ఎంత ఎడం వస్తే మనసుకు తగులుతుంది, ఇవన్నీ రోజూ విన్నారు. తర్వాత అన్నపూర్ణా సంస్థలో ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర చేరారు. ఆదుర్తి గారు ఎడిటింగు గదిలో నుంచి వచ్చిన దర్శకుడు. ‘మూగమనసులు’ చూడండి. కొత్త దంపతులు గోదావరి మీద పడవలో పోతుంటే గత జన్మ కథ తెరుచుకుంటుంది. కాలాన్ని అలా వెనక్కీ ముందుకీ తిప్పి, పల్లెటూరి ప్రేక్షకుడికి కూడా తికమక లేకుండా చెప్పడం ఎడిటరు చేతి నైపుణ్యం. విశ్వనాథ్ గారికి వినడం వాహినిలో వచ్చింది, అతకడం ఆదుర్తి గారి దగ్గర వచ్చింది.

1965లో ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. తర్వాత పదేళ్లు చాలావరకు కుటుంబ కథలు తీశారు. 1976లో ‘సిరిసిరిమువ్వ’ వచ్చింది. అందులో కథానాయిక మూగపిల్ల. ఆమె మాట్లాడలేదు, కాలి మువ్వ మాట్లాడుతుంది. పదేళ్ల తర్వాత ‘సిరివెన్నెల’. వేణువు ఊదే గుడ్డివాడు, బొమ్మలు వేసే మూగ అమ్మాయి. ఆ ఇద్దరి మధ్య ప్రేమకథ! ఒకరికి చూపు లేదు, ఇంకొకరికి గొంతు లేదు. మిగిలింది శబ్దం, నిశ్శబ్దం. ఆ వేణువు వెనుక ఉన్నది పండిట్ హరిప్రసాద్ చౌరాసియా గారు. జీవితంలో మొదటి ఉద్యోగం మైకు వెనుక చేసిన మనిషికి కాక ఇలాంటి కథలు ఎవరికి తడతాయి? నాకు తెలిసినంతలో తెలుగు సినిమాలో నిశ్శబ్దాన్ని ఒక పాత్రగా నిలబెట్టింది ఈయనే.

‘శంకరాభరణం’ సంగతి మీ అందరికీ తెలుసు. 1980 ఫిబ్రవరి 2న విడుదల. పేరున్న హీరో లేడు, ఫైట్లు లేవు. కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి. ఆ పాత్ర వేసింది జె.వి.సోమయాజులు గారు, నాటక రంగం నుంచి వచ్చిన ప్రభుత్వ ఉద్యోగి. ఆ సినిమా తెలుగు తెలియని రాష్ట్రాల్లో కూడా విపరీతంగా ఆడింది. సంగీతానికీ, గాయకుడికీ, గాయనికీ జాతీయ పురస్కారాలు తెచ్చింది. దాంతోపాటు జనరంజకమైన ఉత్తమ చిత్రంగా కూడా జాతీయ పురస్కారం పొందింది. కళా ఖండం వేరు, వ్యాపార చిత్రం వేరు అనేవారికి ఇంతకంటే గట్టి సమాధానం ఉండదు. రాత్రిపూట కుర్రాళ్లు వీధిలో గిటార్లు వాయిస్తూ అల్లరి చేసినప్పుడు శంకరశాస్త్రి వచ్చి వాళ్ల పాటనే స్వరాలతో తిప్పికొట్టే ఘట్టం ఉంది కదా, దాన్ని కళ్లు మూసుకుని వినండి. బొమ్మ లేకుండానే ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు తగ్గారో తెలుస్తుంది.

ఇంకో విషయం. విశ్వనాథ్ గారు షూటింగులో ఖాకీ దుస్తులు వేసుకునేవారు. సెట్టులో అందరిలాగా తానూ పనివాణ్ణే అన్న భావం అది. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకునేంత ఎత్తుకు ఎదిగిన మనిషి తన మొదటి హోదాను వదులుకోలేదు. 2023లో, అదీ ‘శంకరాభరణం’ విడుదలైన ఫిబ్రవరి 2నే, ఆయన కన్నుమూశారు.

వినడం మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఒకప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రాలు వచ్చేవి. మూడు గంటల సినిమాను గంటకు కుదించి, మాటలూ పాటలూ మాత్రమే వినిపించేవారు. థియేటరుకు పోలేని ఎందరో ఆడవాళ్లు, ముసలివాళ్లు ఆ విధంగానే సినిమా ‘చూశారు’. దర్శకుల శైలిని పరీక్షించడానికి అంతకంటే మంచి పద్ధతి లేదంటాను. బొమ్మ తీసేశాక ఏం మిగులుతుంది? విశ్వనాథ్ గారి సినిమా దాదాపు మొత్తం మిగులుతుంది. దాసరి నారాయణరావు గారిది కూడా మిగులుతుంది, వేరే కారణంతో. ఆయన పాలకొల్లు నుంచి వచ్చిన నాటకాల మనిషి. స్టేజి మీద నిలబడి చివరి వరస ప్రేక్షకుడికి వినపడేలా మాట విసరడం ఆయన మొదటి విద్య. ‘బొబ్బిలిపులి’ కోర్టు సన్నివేశం వింటే అదొక నాటకంలో చివరి అంకమని ఎవరైనా చెబుతారు. హాస్యనటుడు రాజబాబును ముందు నిలబెట్టి ‘తాతా మనవడు’ తీసి మొదలుపెట్టి, 150కి పైగా సినిమాలు తీశారు. ఆయన సినిమాల్లో కెమెరా ఎక్కువగా కదలదని కొందరు తప్పుపడతారు. నటుడే కదులుతూ, నటుడే మోయాల్సిన చోట కెమెరా నిలబడటమే న్యాయమని ఆయన నాటకానుభవం ఆయనకు చెప్పి ఉంటుంది.

జంధ్యాల గారూ నాటక రచయితే. కానీ ఆయన చెవి వేరు. దాసరి గారు గొంతు పెంచిన చోట ఈయన మాటను చిటికెలా విసిరేవారు. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పమంటే టైటిల్సు దగ్గర నుంచి మొదలుపెడుతుంది గుర్తుందా? అది వట్టి చెవితో విని నవ్వగల హాస్యం. ఆయన బృందంలో ఒక స్తంభమైన సుత్తి వీరభద్రరావు గారు మన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పనిచేసినవారు. ఆ గొంతులోని అదుపు మైకు ముందు వచ్చిందే. అయినా జంధ్యాల గారిని మాటలకే పరిమితం చేస్తే అన్యాయమవుతుంది. ‘అహ నా పెళ్ళంట’లో పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే దృశ్యం ఆయన బుర్రలోనే పుట్టింది.

తర్వాతి తరంలో మాట బలంతో వచ్చిన దర్శకుడు త్రివిక్రమ్. ఆయన భౌతికశాస్త్రం చదివి, సంభాషణల రచయితగా పేరు తెచ్చుకుని, 2002లో ‘నువ్వే నువ్వే’తో దర్శకుడయ్యారు. ఆయన సినిమాల్లో మనం సన్నివేశాల కంటే వాక్యాలను ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాం. అది ఆయన బలం. కథ పల్చబడినప్పుడు కూడా వాక్యం మీదే భారం వేయడం అప్పుడప్పుడు ఆయన బలహీనత కూడా అయింది. వంశీ గారు నవలా రచయిత. ఆయన సినిమాల్లో గోదావరి ఒడ్డు, ఆ పల్లెల మనుషుల చిన్నచిన్న వింత అలవాట్లు, అన్నీ రాసుకున్న పేజీల్లోంచి నడిచి వచ్చినట్టే ఉంటాయి. ‘సితార’కు ఆధారం ఆయన నవలే.

రేడియో పరీక్షలో సగం పోగొట్టుకునే దర్శకుడు బాపు గారు. అది ఆయన లోపం కాదు, ఆయన గొప్ప. నరసాపురంలో పుట్టారు, లా చదివారు, బొమ్మలు వేశారు. కార్టూన్లు, కథలకు చిత్రాలు, పుస్తకాలకు ముఖచిత్రాలు. ఇరవై ఏళ్లు గీసిన చేయి 1967లో ‘సాక్షి’ తీసింది. గోదావరి తీరంలో పులిదిండి గ్రామంలో నిజమైన పల్లెలో ఆ సినిమా తీశారు. బాపు గారు షాటు తీయకముందే దాన్ని కాగితం మీద గీసుకునేవారు. మనిషి ఎక్కడ నిలబడాలి, తల ఎటు వంచాలి, వెనుక ఎంత ఆకాశం ఉండాలి, అన్నీ గీత మీద ఖాయమయ్యేవి. ‘ముత్యాలముగ్గు’ చూడండి. అందులో ప్రతి షాటునూ చట్రం కట్టి గోడకు తగిలించవచ్చు. ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్య గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ‘సంపూర్ణ రామాయణం’, ‘సీతా కల్యాణం’ చూస్తే మన గుడి గోడల మీది బొమ్మలు లేచి నడిచినట్టు ఉంటుంది. బొమ్మ పోయినా రేడియోలో మనకు మిగిలే ‘ముత్యాలముగ్గు’ కాంట్రాక్టరు రావు గోపాలరావు మాటలు ముళ్లపూడి వెంకటరమణ గారివి. గీత ఒకరిది, రాత ఒకరిది. రెండు వృత్తులు కలిసి ఒకే దర్శకుడిలా పనిచేయడం మన సినిమాలో మళ్లీ అంత పొందికగా జరగలేదు.

ఆ ‘సాక్షి’లో కథానాయిక విజయనిర్మల గారు. చిన్నప్పటి నుంచీ కెమెరా ముందు పెరిగినవారు. ఇతర దర్శకులు తనతో ఏం చేయించారో చూసి నేర్చుకున్నారు. 1973లో యద్దనపూడి సులోచనారాణి గారి నవల ఆధారంగా ‘మీనా’ తీశారు. మొత్తం 44 సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. మగవాళ్ల గుత్తగా సాగిన పరిశ్రమలో, స్టార్లతో, డిస్ట్రిబ్యూటర్లతో వ్యవహరిస్తూ అన్ని సినిమాలు తీయడం ఎంత శ్రమో ఆలోచించండి. దర్శకుల గురించి మాట్లాడేటప్పుడు ఆమె పేరు చివర్లో మొక్కుబడిగా చెబుతారు. అలా జరగకూడదు.

1989 అక్టోబరు 5న ‘శివ’ విడుదలైంది. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టిన కుర్రవాడు. మద్రాసు స్టూడియోల్లో పదేళ్ల గురుకులవాసం ఆయనకు లేదు. ఆయన బడి ఆ క్యాసెట్లే. ప్రపంచ సినిమాలను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి నేర్చుకున్నారు. అందుకే ‘శివ’లో పాత సినిమాల అలవాట్లు చాలావరకు కనిపించవు. కాలేజీ గేటు, సైకిలు చైను తెంపడం, ఆ క్షణంలో అనవసరమైన మాట ఒక్కటీ లేకపోవడం. పారిపోయే మనిషి వెంట కెమెరా కూడా పరుగెత్తడం. స్టెడీక్యామ్ అనే పరికరం మన ప్రేక్షకులకు నిజంగా అనుభవమైంది అప్పుడే. వర్మ తండ్రి అన్నపూర్ణా స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేసినవారు. శబ్దం పట్ల ‘శివ’లో కనిపించే శ్రద్ధ ఆ ఇంట్లో కొంత వచ్చిందేమో అనిపిస్తుంది. వీడియో క్యాసెట్టు బడికి ఒక ప్రమాదమూ ఉంది. జీవితం నుంచి కాక సినిమా నుంచే సినిమా పుడుతుంది. వర్మ తర్వాతి కాలపు సినిమాలు చాలావాటిలో ఆ ఎండిన తనం కనిపించి నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ‘శివ’ తీసిన మనిషి శక్తి మనకు తెలుసు.

ఇక ఎస్.ఎస్.రాజమౌళి. ఆయన గ్రాఫిక్సు గురించి, బడ్జెట్ల గురించి దేశమంతా మాట్లాడింది. ఆయన మొదట ఎడిటరు కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర సహాయకుడన్న సంగతి అంతగా మాట్లాడలేదు. రచయిత విజయేంద్రప్రసాద్ గారి అబ్బాయి కాబట్టి ఇంట్లో కథ ఉంది. దర్శకుడు రాఘవేంద్రరావు గారి దగ్గర శిష్యరికం, ‘శాంతినివాసం’ టీవీ సీరియలు, 2001లో ‘స్టూడెంట్ నంబర్ 1’. కానీ ఆయన సినిమాను నిలబెట్టేది ఎడిటింగు గదిలో నేర్చుకున్నదే. ఏ షాటు తర్వాత ఏ ముఖం చూపిస్తే జనం లేచి నిలబడతారో ఆయనకు తెలుసు.

దీనికి పెద్ద సాక్ష్యం ‘ఈగ’. కథానాయకుడు మొదట్లోనే చనిపోతాడు. తర్వాత హీరో ఒక ఈగ. దానికి మాట లేదు, ముఖకవళికలు లేవు. అయినా దాని కోపం మనకు తెలుస్తుంది, దాని పగ మనకు తెలుస్తుంది. ఎలా? ఈగ షాటు, వెంటనే విలన్ సుదీప్ ముఖం, మళ్లీ ఈగ. సెట్టులో లేని ఈగకు సుదీప్ జడిసి నటించారు. ఆ ముక్కలను అతికిన చోటే ఈగకు ప్రాణం వచ్చింది. ఎడిటింగు బల్ల దగ్గర కూర్చోని మనిషికి ఈ ధైర్యం వచ్చేది కాదు.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. కట్టప్ప వెనుక నుంచి కత్తి దించాడు, తెర చీకటైంది. ఆ తర్వాతి షాటు కోసం దేశం 2017 ఏప్రిల్ 28 దాకా ఎదురుచూసింది. దాదాపు రెండేళ్లు నిలిచిన ఒక కట్! మన సినిమా చరిత్రలో ఇంత పొడవైన కత్తిరింపు ఇంకొకటి లేదు. ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి అది.

సుకుమార్ గారు కాకినాడలో లెక్కలు చెప్పిన లెక్చరరు. ఆయన కథల్లో ముందు ఒక నియమం పెడతారు, తర్వాత దాన్ని మెట్టు మెట్టుగా చివరికి తీసుకెళ్తారు. ‘1 నేనొక్కడినే’లో లెక్క కాస్త కఠినమైంది, ప్రేక్షకుడు వెనుకబడ్డాడు. ‘రంగస్థలం’లో అదే మాస్టారు అదే పద్ధతిని పల్లెటూరి మట్టిలో పెట్టారు. వినికిడి తక్కువైన చిట్టిబాబుకు ఏది వినపడింది, ఏది వినపడలేదు అన్న దాని మీదే కథ కీలకం తిరుగుతుంది. అక్కడ ఆయన పాఠం అందరికీ అర్థమైంది.

ఇంకా చెప్పుకోవలసినవారు ఉన్నారు. ఛాయాగ్రాహకుడిగా మొదలైన తేజ, తన సినిమాలకు తానే సంగీతం కట్టుకున్న ఎస్.వి.కృష్ణారెడ్డి, లఘుచిత్రాల నుంచి వచ్చి 2016లో ‘పెళ్లిచూపులు’ తీసిన తరుణ్ భాస్కర్. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్య పాత్రలు వేసిన వేణు 2023లో ‘బలగం’ తీశారు. నవ్వించడానికి మనుషుల ఉక్రోషాలను, అలకలను గమనించిన కళ్లే ఆ సినిమాలోని చావు ఇంటిని అంత నిజంగా చూపించాయి. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కలిసి ఆ సినిమా చూశారు.

నా ఆవేదన ఇక్కడ చెప్పాలి. మద్రాసు స్టూడియోలు ఉన్నప్పుడు ఒక విభాగంలో చేరి, ఏళ్ల తరబడి పని నేర్చుకుని, ఆ తర్వాత మెగాఫోను పట్టే దారి ఉండేది. ఆ దారి ఇప్పుడు సన్నబడింది. దాని స్థానంలో హిట్టయిన సినిమాను చూసి సినిమా తీసే అలవాటు పెరిగింది. అదే నలుపు రంగు, అదే నెమ్మది నడక, అదే గడ్డం హీరో, అదే నేపథ్య సంగీతపు హోరు. పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పలేని పరిస్థితి. డబ్బు ఎక్కువై ఇలా జరగలేదు. విఠలాచార్య, దాసరి, రాఘవేంద్రరావు కూడా డబ్బు కోసమే తీశారు, వాళ్ల సినిమాలను మాత్రం ఒక్క రీలు చూసి గుర్తుపట్టేవాళ్లం. సొంతంగా నేర్చుకున్న పని ఏదీ లేకుండా నేరుగా దర్శకుడు కావాలనుకోవడం వల్ల ఇలా జరుగుతోందని నా అభిప్రాయం.

అందుకని, దర్శకుడు కావాలని కలగంటున్న యువ శ్రోతలకు ఒక మాట. ముందు ఏదో ఒక పనిలో చేయి తిరగనివ్వండి. ఎడిటింగు కావచ్చు, సౌండు కావచ్చు, నాటకం కావచ్చు, బడిలో పాఠం చెప్పడం కావచ్చు. సినిమాకు సంబంధం లేని ఉద్యోగమైనా పరవాలేదు, దాన్ని మనసుపెట్టి చేయండి. ప్రేక్షకులకు కూడా నాదొక మనవి. ఈసారి ఒక కమర్షియల్ సినిమా నచ్చితే, హీరో తర్వాతి సినిమా ఎప్పుడని కాకుండా, ఈ దర్శకుడు అంతకుముందు ఏం చేసేవాడని అడగండి. తెలుసుకుని, ఆ సినిమా ఇంకొకసారి చూడండి.